కంటి మీది అస్తరు

సున్నం ట్యూబు పగిలిన చప్పుడు సక్కుబాయికి వినపడలేదు. కొడుకు అరుపే వినపడింది. పొయ్యి మీది గిన్నె దించకుండానే బయటికి పరిగెత్తింది.

భాస్కర్ వాకిట్లో మోకాళ్ళ మీద పడి ఉన్నాడు. కుడికన్నును రెండు అరచేతులతో నొక్కి పట్టుకున్నాడు. చెంప మీద, ముక్కు పక్కన, మీసం మీద తెల్లటి ముద్ద. పక్కనే నేల మీద వేలెడంత ప్లాస్టిక్ ట్యూబు, నడిమికి చీలిపోయి.

"అమ్మా... కంట్ల పడ్డది... సున్నం... మంట... మంట!"

సక్కుబాయి చూపు ఆ ట్యూబు మీద పడింది. అది ఎక్కడిదో ఆమెకు తెలుసు. దాన్ని దాచింది ఆమే.

రెండు నెలల కింద కోడలు రోహిణి మొగుడి నోరు తెరిపించి, ఫోన్ లైటు వేసి చూసింది. రోహిణి లింగంపల్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. భాస్కర్ చెంప లోపల పావలా బిళ్ళంత తెల్ల మచ్చ కనపడింది. "చెంప లోపల అంతా అస్తరు ఉంటది, జాకెట్టుకు లోపల కుట్టినట్టు. సున్నం, జర్దా కలిపి ఆడ పెడితే ఆ అస్తరు కాలుతది. కాలినప్పుడల్లా ఒళ్ళు కొత్తది కుట్టుకుంటది. ఎన్నిసార్లని కుట్టుకుంటది? ఒకనాడు తప్పు కుడుతది" అంది. క్యాన్సర్ అనే మాట ఎవరూ పైకి అనలేదు. జర్దా పొట్లాలు, సున్నం ట్యూబు రోహిణి అప్పుడే చెత్తబుట్టలో పడేసింది.

సక్కుబాయికి కోపం వచ్చింది. కొడుకు తెల్లవార్లూ ఆఫీసు వాళ్ళను కారులో ఇళ్ళకు దింపి వస్తాడు. నిద్ర ఆపుకోవడానికి ఏదో ఒకటి ఉండొద్దా? కోడలు పనికి పోగానే బుట్టలోంచి ట్యూబు తీసి, కడిగి, పొయ్యి వెనక డబ్బాల సందున పెట్టింది. ప్రతి పొద్దున భాస్కర్ వచ్చి చెయ్యి చాపేవాడు. ఆమె మాట్లాడకుండా అందులో ట్యూబు పెట్టేది. తల్లీకొడుకుల మధ్య అదొక ముద్దు ముచ్చట.

పొయ్యి సెగకు ట్యూబు మూతి ఎండి రాయయింది. ఈ పొద్దున ఎంత పిసికినా సున్నం రాలేదు. రంధ్రం ఎక్కడ పూడిందో చూద్దామని భాస్కర్ దాన్ని కంటి దగ్గర పెట్టుకొని బలంగా నొక్కాడు. మూతి నుంచి రాని సున్నం పక్క నుంచి చిమ్మింది.

పక్కింటి ఓదెలు, ఆటో నడిపేవాడు, అరుపు విని చెంబుతో నీళ్ళు పట్టుకొని ఉరికి వచ్చాడు.

"ఒద్దు!" సక్కుబాయి అతని చేతిని ఒక్క తోపు తోసింది. నీళ్ళు నేలపాలయ్యాయి. "సున్నం మీద నీళ్ళు పోస్తవారా? కన్ను ఉడికిపోతది!"

ఓదెలు బిత్తరపోయి ఆగాడు. సున్నం సంగతిలో సక్కుబాయికి ఎదురు చెప్పేవాళ్ళు కొత్తగూడలో లేరు. ఈ అద్దాల మేడలు లేవక ముందు, ఇక్కడివన్నీ సున్నం గోడల ఇళ్ళే. ఆమె పదిహేడేళ్ళప్పుడు సున్నం గుంత దగ్గర పని చేసేది. ఒకనాడు కాలుజారి ఎడమ చెయ్యి మోచేతి దాకా పచ్చి సున్నం పొడిలో దిగబడింది. ఎవరో పుణ్యానికని ఒక చెంబు నీళ్ళు పోశారు. చేతి మీదే సున్నం కుతకుత ఉడికింది. ఇప్పటికీ మణికట్టు నుంచి మోచేతి దాకా ఆ తోలు వేరే. నున్నగా మెరుస్తుంది. ఒక్క వెంట్రుక మొలవదు. మండుటెండల్లో ఒళ్ళంతా కారినా అక్కడ చెమట చుక్క పుట్టదు.

ఆ చెయ్యి చూపించి మాట్లాడితే ఎవరైనా నోరు మూయాల్సిందే.

"లోపల ఆముదం ఉన్నది. తెస్త" అంది.

"అవునక్కా. ఆముదమన్న పొయ్యాలె, లేకుంటే బాలింత పాలన్న పొయ్యాలె" అన్నాడు ఓదెలు.

"రోహిణికి చెయ్యుండ్రి" భాస్కర్ పళ్ళ బిగువున అన్నాడు. "ఫోన్... రోహిణికి..."

ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న సున్నం ఎక్కడిదనే కదా. సక్కుబాయి విననట్టు లోపలికి పోయింది. ఆముదం సీసాతో వచ్చేసరికి ఓదెలు అప్పటికే ఫోన్ కలిపి, సంగతి చెప్పి, స్పీకర్ పెట్టి అరుగు మీద ఉంచాడు.

"అత్తమ్మా, నీళ్ళు పోస్తున్నరా?" రోహిణి గొంతు సన్నగా వణుకుతోంది.

"నీళ్ళేంది? పిచ్చిగాని పట్టిందా? ఆముదం పోస్తున్న."

"నూనె పొయ్యకు! నూనె పోస్తే సున్నం ఆడనే అంటుకుంటది. నీళ్ళే పొయ్యాలె. ఎంతసేపాయె పడి?"

"నాలుగు నిమిషాలు అయ్యుంటది" అన్నాడు ఓదెలు.

"దేవుడా... అత్తమ్మా, జర నా మాట ఇను. యాసిడ్ పడితే పైన కాలి ఆడికే ఆగుతది. సున్నం ఆగది. కడిగేదాక లోపలికి దిగుతనే ఉంటది."

"నువ్వు సీసాలల్ల ఉచ్చ చూసే దానివి. నాకు సున్నం గురించి చెప్తవా?"

ఓదెలు తల దించుకున్నాడు.

"నాకు సున్నం తెల్వదు అత్తమ్మా" అంది రోహిణి. "కన్ను తెలుసు. కడగకపోతే కన్ను పోతది."

"నేను ఆటో తీస్త, దవాఖానకే పోదాం" అన్నాడు ఓదెలు.

"ఈ టైముల కొత్తగూడ ఫ్లైఓవర్ దాటాలంటే ఎంతసేపు అన్నా? ముప్పావు గంట. ముప్పావు గంట సున్నం కంట్లనే ఉంటది. ముందుగాల కడుగుండ్రి. అర్ధగంట కడిగినంకనే బండి ఎక్కుండ్రి."

సక్కుబాయి సీసా మూత తీసింది. కొడుకు ముందు కూర్చొని అతని చేతులు బలవంతంగా లాగింది. రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. వాటి సందులోంచి నీరు ఆగకుండా కారుతోంది. చెంప మీది సున్నంలో ఆ కన్నీరు చిన్న కాలువ తవ్వుకొని గడ్డం దాకా పారింది.

ఆమె చూపు ఆ కాలువ మీద ఆగిపోయింది.

నీళ్ళు తగిలితే ఉడకాలి. ఇప్పటికే ఉడకాలి. వేలు పెట్టి చూసింది. చల్లగా ఉంది. ఆవిరి లేదు. బుడగ లేదు. తడిసిన సున్నం మెత్తగా వేలికి అంటింది.

గుంత దగ్గర కొత్తగా పనికొచ్చిన ఆడపిల్లలకు తనే ఎన్నిసార్లు చెప్పింది! "పచ్చిదాని జోలికి పోవద్దు. ఉడికినంక భయం లేదు. ఒకసారి ఉడికిన సున్నం మళ్ళ ఉడకది." ట్యూబులో వచ్చేది ఉడికి, వడకట్టి, ముద్ద చేసిన సున్నం. అది పచ్చి సున్నం కానే కాదు. నలభై ఏళ్ళ కిందటి మంట ఇంకా చేతి మీద ఉంది కాబట్టి ఆమెకు ఆ తేడా గుర్తుకు రాలేదు.

అయినా తప్పయితే? తన లెక్క తప్పయితే ఈ కన్ను తన చేతుల మీదుగానే పోతుంది. కారు నడిపే కొడుకు. ఒంటికన్నుతో ఏ కంపెనీ బండి ఇస్తుంది?

సీసా పక్కకు దొర్లింది.

"ఓదెలూ, తల పట్టు. గట్టిగ పట్టు. నీళ్ళు నేను పోస్త."

మొదటి చెంబు పోయగానే భాస్కర్ కేక పెట్టాడు. కాలిన వాసన వస్తోందేమోనని ఆమె కంటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. చెయ్యి పెట్టి చూసింది. సెగ లేదు. రెండో చెంబు పోసింది.

"రెప్ప తెరిచి పొయ్యి అత్తమ్మా. ముక్కు దిక్కు నుంచి చెవి దిక్కు పొయ్యి. నీళ్ళు రెండో కంట్లకు పోవద్దు."

రెప్ప తెరవడం చెప్పినంత సులువు కాదు. జారిపోతుంది. భాస్కర్ ఒళ్ళంతా బిగించుకుంటున్నాడు. ఆమె కుడిచేత్తో పోస్తూ, ఎడమచేతి వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకుంది. లోపల నల్లగుడ్డు కనపడలేదు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో చెంబుకు బకెట్ అడుగు తగిలింది. నల్లా నీళ్ళు నిన్న వచ్చాయి, మళ్ళీ రేపే. కరెంటు పొద్దుటి నుంచి లేదు కాబట్టి బోరు మోటారు నడవదు. తాగే నీళ్ళ క్యాను వంచారు. అది కూడా ఐదు నిమిషాలకు గుటగుటమని ఖాళీ అయింది.

"ఎంతసేపాయె?" ఫోన్లో రోహిణి అడిగింది.

"పదకొండు నిమిషాలు" అన్నాడు ఓదెలు.

"చాలదు. ఆపొద్దు."

సక్కుబాయి వాకిలి దాటి గల్లీలోకి వచ్చింది. అప్పుడే గల్లీ మొగదల నుంచి నీళ్ళ ట్యాంకర్ ఒకటి, గోడలకు రాసుకుంటూ, హారన్ కొట్టుకుంటూ వస్తోంది. వెనకున్న అపార్ట్‌మెంట్లకు రోజూ పోయే బండే. ఆమె దానికి ఎదురుగా పోయి చేతులు చాపి నిలబడింది.

బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవర్ తల బయటికి పెట్టాడు. "ఏందమ్మా, సావనీకి నా బండే దొరికిందా?"

"నీళ్ళు కావాలె. నా కొడుకు కంట్ల సున్నం పడ్డది."

"అమ్మా, ఇది అపార్ట్‌మెంటోళ్ళ బుకింగు. ఆడ మూడు ఫోన్లు చేసిండ్రు. నన్ను తిడ్తరు..."

"వాడు గూడ నీ లెక్కనే స్టీరింగు పట్టుకుంటెనే తింటడు బిడ్డా."

డ్రైవర్ వాకిట్లోకి చూశాడు. ఓదెలు ఒళ్ళో తల పెట్టుకొని భాస్కర్ గిలగిల కొట్టుకుంటున్నాడు. దిగి, వెనక్కి పోయి, చేతులు కడుక్కునే చిన్న నల్లాకు సన్న పైపు తొడిగాడు. "గట్టిగ వదలకు, కన్ను చిట్లుతది" అంటూ తనే నల్లా సన్నగా తిప్పాడు. వెనకాల రెండు కార్లు, స్కూటర్లు హారన్లు మొదలుపెట్టాయి. అతను వాళ్ళ మీదికి పోయి అరవసాగాడు.

పైపు నీళ్ళు ఆగకుండా కంటి మీంచి పారుతున్నాయి. భాస్కర్ కొట్టుకోవడం తగ్గింది. వణుకుతున్నాడు.

"రోహిణీ... ఏం కనిపిస్తలేదు. అంత పొగమంచు లెక్క ఉన్నది. తోలు ఊడిపోయిందా?"

"ఊడిపోనియ్యి. ఊడితే మళ్ళ వస్తది. కన్ను మూయకు, నా మాట ఇనుకుంట ఉండు." ఆమె ఎక్కడో నడుస్తూ, రొప్పుతూ మాట్లాడుతోంది. "నీ చెంపల గీకి మైక్రోస్కోపుల చూపెట్టిన, యాదికున్నదా? గచ్చు మీద పరిచిన పలకల లెక్క ఉండె."

"ఆ..."

"కంటి మీద గూడ అసొంటి అస్తరే. ఐదారు వరుసలు. పైన చదును పలకలు, అడుగున నిలబెట్టిన ఇటుకలు. ఒళ్ళంత ఇదే, భాస్కర్. బయట లోపల యాడ చూసినా అస్తరే. పుస్తకాలల్ల ఉపకళా కణజాలం అని రాస్తరు. ఏ పనికి ఆ తీరు. ఊపిరితిత్తులల్ల ఒక్కటే వరుస, పలుచగ, గాలి దాటాలె గదా. గొంతుల చీపురు లెక్క సన్న నూగు, దుమ్ము పైకి ఊడుస్తది. పేగులల్ల నిలువు ఇటుకలు, తిన్నది గుంజుకుంటయి. తోలు మీద అన్నిటికన్న మందం. పైన చచ్చిన పొర, లోపల బతికిన పొర. కన్ను తీరుగ బయట ఉండుకుంట గూడ చచ్చిన పొర లేనిది ఇంకోటి లేదు. చచ్చిన పొర ఉంటే అద్దం లెక్క కనిపించది గదా."

"చెల్లె, నువ్వు పరీక్ష రాస్తున్నవా, మొగుణ్ణి చూస్తున్నవా?" అన్నాడు ఓదెలు. భాస్కర్ నవ్వబోయి మూలిగాడు. ఫోన్లో రోహిణి నవ్వలేదు.

"ఒక్కటే భయం ఉన్నది" అంది మెల్లగా. "నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే కాడ అంచు ఉంటది. కొత్త అస్తరు ఆడికెల్లే పుడ్తది. పైన మొత్తం పోయినా అంచు బతికితే మళ్ళ అల్లుకుంటది. అంచు కాలితే అల్లుకోది. అత్తమ్మా, అంచు చుట్టు కడుగు."

సక్కుబాయి పైపును అంచు వెంబడి గుండ్రంగా తిప్పింది. ఒకసారి కాదు. పొయ్యి అలికినట్టు ఓపికగా, చుట్టూ, చుట్టూ.

"అవునూ" అంది రోహిణి. "నేను సున్నం పారేసిన గదా. ఇది యాడికెల్లి వచ్చింది?"

సక్కుబాయి పైపును ఇంకో చుట్టు తిప్పింది.

"నేనే... దుకాణంల కొన్న..." భాస్కర్ మొదలుపెట్టాడు.

"అబద్ధం" అంది సక్కుబాయి. "నేనే దాచిన. బుట్టల నుంచి తీసి, పొయ్యి కాడ దాచి, రోజూ ఇచ్చిన."

రోహిణి ఏమంటుందోనని ఆమె మెడ వంచుకొని ఎదురు చూసింది. తిట్టినా బాగుండేది.

"పైరెప్ప లేపి చూసినవా అత్తమ్మా?" అంది రోహిణి. "ముద్ద దాని కింద దాక్కుంటది."

పైరెప్ప వెంట్రుకలు పట్టి లాగి, తిప్పింది. లోపల ఎర్రటి పొర మీద మినపగింజంత తెల్ల ముద్ద అతుక్కొని ఉంది. ఇంతసేపు పోసిన నీళ్ళకు అది కదలలేదు. శుభ్రమైన తువ్వాలు కొస తడిపి, ఊపిరి బిగబట్టి, తుడిచి తీసింది. భాస్కర్ కేక గల్లీ అంతా వినపడింది. హారన్లు ఆగాయి.

*

కంటి దవాఖానలో డాక్టర్ ప్రియాంక ముందుగా రెప్ప కింద సున్నం తగిలితే రంగు మారే చిన్న పసుపు కాగితం ముక్క పెట్టి చూసింది. ఇంకా సున్నం తేలుతోందని మళ్ళీ ఒక సీసా సెలైన్‌తో కడిగించింది. రెప్ప మూలలో మిగిలిన రవ్వంత ముక్క తీసింది. లింగంపల్లి నుంచి రోహిణి అప్పటికే వచ్చి చేరింది. అత్తకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గోడకు ఆనుకొని నిలబడ్డారు.

డాక్టరు కంట్లో నారింజరంగు మందు అద్ది, నీలం లైటు వేసింది. తెర మీద భాస్కర్ కన్ను పెద్దగా కనపడింది. నల్లగుడ్డు మొత్తం పచ్చగా మెరుస్తోంది.

"పచ్చగా వెలిగే చోట పైపొర లేదండి" అంది డాక్టరు. "దాదాపు మొత్తం పోయింది."

సక్కుబాయి తెర దగ్గరికి జరిగింది. "అంచు?" అంది.

డాక్టరు ఆశ్చర్యంగా ఆమె వైపు తిరిగింది. "అంచు సంగతి మీకెలా తెలుసండి?"

"మా కోడలు చెప్పింది."

"అంచులో కింది వైపు పావు వంతు పాలిపోయింది. మిగతాది ఎర్రగానే ఉంది, అంటే బతికే ఉంది. వెంటనే కడగబట్టి అంతైనా మిగిలింది. కానీ ఇప్పుడే మాట ఇవ్వలేనండి. పొర అల్లుకుంటుందో లేదో రోజూ చూడాలి."

బయట బెంచీ మీద అత్త ఎడమచేతి వైపు రోహిణి చాలాసేపు చూసింది.

"అప్పుడు ఎన్ని నీళ్ళు పోసిండ్రు అత్తమ్మా?"

"చెంబెడు."

"అందుకే ఉడికింది. పొడి దులిపేసి, బిందెల మీద బిందెలు పోస్తే ఉడకకపోయేది. మా ల్యాబుల గట్లనే రాసి పెట్టిండ్రు."

సక్కుబాయి కొంగు లాగి ఆ చెయ్యి కప్పుకుంది.

రెండో రోజు పచ్చ రంగు పై నుంచి సగానికి తగ్గింది. మూడో రోజు కింది మూలకు చేరి, బియ్యపు గింజంత మిగిలింది. నాలుగో రోజు అది అంతే ఉంది. ఐదో రోజు కూడా అంతే. పాలిపోయిన అంచు పక్కనే ఆగిపోయింది. డాక్టరు మందు మార్చింది. ఆ రెండు రాత్రులూ సక్కుబాయి కొడుక్కి గంటగంటకూ చుక్కలు వేసింది. అల్లుకోవే తల్లీ, ఇంకొంచెం అల్లుకో అని లోపలే అనుకుంటూ, చీకట్లో అతని ఊపిరి వింటూ కూర్చుంది. పక్కనే రోహిణి కూడా మేలుకొనే ఉందని తెలుసు.

ఏడో రోజు నీలం లైటు కింద పచ్చదనం ఎక్కడా వెలగలేదు.

భాస్కర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమకన్ను మూసి, ఎదురుగోడ మీది అక్షరాలు చదవమన్నారు. సక్కుబాయి తలుపు దగ్గర నిలబడి వరుసలు లెక్కపెట్టింది. ఒకటి చదివాడు. రెండు. మూడు. నాలుగో వరుసలో ఆగాడు. గదిలో ఫ్యాను చప్పుడు పెద్దదైంది. తల అటూ ఇటూ తిప్పి, కన్ను చిట్లించి, మెల్లగా అందుకున్నాడు. ఐదోది కూడా చదివాడు. చివరిది మాత్రం రాలేదు.

"చాలు" అంది డాక్టరు. "కింది మూలలో చిన్న మరక ఉండిపోతుందండి. ఇంకో నెల చుక్కలు వాడండి. అప్పుడు మళ్ళీ పరీక్ష చేసి, బండి నడపొచ్చని రాసిస్తాను."

భాస్కర్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

మరునాడు పొద్దున సక్కుబాయి పొయ్యి దగ్గర ఉంది. భాస్కర్ వచ్చి, పాత అలవాటున, చూడకుండానే చెయ్యి చాపాడు. చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకొని ఆపింది. ఇంకా ఎర్రగా ఉన్న ఆ కన్ను చూసింది. అది మానుతోంది.

"నోరు తెరువు" అంది.

"ఏందమ్మా?"

"తెరువురా."

అరుగు మీది ఫోన్ తీసి లైటు వేసింది. చెంప లాగి లోపలికి చూసింది. తెల్ల మచ్చ అక్కడే ఉంది. పావలా బిళ్ళ కంటే కొంచెం పెద్దదైనట్టు అనిపించింది. దాని అంచు ఎంత దూరం వెతికినా సరిగా తెలియలేదు.

"రోహిణీ" అని పిలిచింది. "పనికి తర్వాత పోదువు గని. ఇటు రా, జర ఇది చూడు."